పాటల పెట్టెలో దొంగ

పొద్దున్నే పాట రాలేదు.

అమ్మ టీ మరిగిస్తూ రెండుసార్లు గోడవైపు చూసింది. స్పీకరు ఉలకలేదు, పలకలేదు.

"ఏరా, మీ నాన్న అలిగాడా ఏంటి?"

"నాన్న కాదమ్మా, పెట్టె. రాత్రి అప్‌డేట్ అయింది."

"బాగున్నదాన్ని చెడగొట్టడమేగా మీ అప్‌డేట్లు!"

పెట్టె అంటే పెద్దదేం కాదు. అన్నం డబ్బా అంత ఉంటుంది. నాన్న పోయేముందు తన క్యాసెట్లలోని పాటలన్నీ అందులోకి ఎక్కించి, టీవీ కింద పెట్టి వెళ్ళాడు. రోజూ పొద్దున అదే ఒక పాట ఎత్తుకుంటుంది. అమ్మకి తెల్లవారేది ఆ పాటతోనే.

"పెళ్ళయిన కొత్తలో నాతో మాట్లాడాలంటే సిగ్గురా మీ నాన్నకి. క్యాసెట్ తెచ్చి బల్ల మీద పెట్టి పారిపోయేవాడు. మనిషి మాటకారి కాడు గానీ, పాట ఏరడంలో ఆయన తర్వాతే ఎవరైనా."

అప్పుడప్పుడూ ఎన్నడూ వినని పాట ఒకటి వస్తుంది. "ఇదెక్కడ దాచాడురా మహానుభావుడు!" అంటూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. నాన్న పోయాక అమ్మ మనసారా నవ్వేది ఆ కాసేపే.

అందుకే కొడుకు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ పెట్టె ముందు కూర్చున్నాడు.

తీగ పీకాడు. మళ్ళీ గుచ్చాడు. ఆపాడు, వేశాడు. పెట్టెలోని పాటని స్పీకరుకి అందించే ఫోను మాత్రం ఒకటే పాట పాడుతోంది: 'సర్వర్ దొరకలేదు.'

"కాళ్ళు పట్టుకుని చూడండి, కరుణిస్తుందేమో" అంది కోడలు.

చివరికి జబ్బు తెలిసింది. అప్‌డేట్ తర్వాత వైఫైలో పెట్టె నంబరు మారింది. ఇల్లు మారినవాళ్ళ పాత తలుపు తట్టినట్టు, ఫోను ఇంకా పాత నంబరుకే వెళుతోంది. కొత్త నంబరు కోసం వైఫై లిస్టు తెరిచాడు. ఇంట్లో ఫోన్లు, టీవీ, పెట్టె. వాటి కింద ఇంకొకటి. 'అన్‌నోన్.'

"ఇదెవరిది?"

"నాది కాదు" అంది కోడలు.

"నాదసలే కాదు. నాకున్నది ఈ డొక్కు ఫోనొక్కటే" అంది అమ్మ.

"ఎవడో మన ఇంట్లో దూరాడు. పాటల పెట్టెలోకి కూడా పోతున్నాడు చూడు. తేరగా వస్తే ఎవడు వదులుతాడు!"

నొక్కి బ్లాక్ చేశాడు.

"నంబరు మారినందుకు ఆ మనిషినెందుకు తీసేయడం?" అంది కోడలు.

"పనిలో పని."

కొత్త నంబరు కొట్టగానే పాట వచ్చింది. అమ్మ కొడుక్కి ఇంకో గ్లాసు టీ తెచ్చిచ్చింది.

సాయంత్రం బెల్లు మోగింది. గుమ్మంలో గొడుగాయన.

ఎదురు మేడ గదిలో అద్దెకుంటాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుంటుంది కాబట్టి వీధంతా అలాగే పిలుస్తుంది. ఎవరితోనూ పెద్దగా కలవడు.

"బాబూ, మీ పాటల పెట్టె పాడైందా? పొద్దుట్నించీ నాకు తగలట్లేదు."

వెతకబోయిన తీగ కాలికే తగిలింది.

"ఓహో, మీరేనా! మా ఇంట్లో దూరి దర్జాగా పాటలు వింటున్నారన్నమాట."

"వినడానికి కాదు బాబూ..."

"మరి? దుమ్ము దులపడానికా?"

కోడలు కిసుక్కున నవ్వింది. వంటింట్లోంచి "ఎవర్రా అదీ?" అంది అమ్మ.

ఆ గొంతు వినగానే ఆయన నోటి దాకా వచ్చిన మాట మింగేశాడు.

"పాస్‌వర్డ్ ఎవరిచ్చారు మీకు?"

"ఎలాగో... తెలిసింది."

"ఈ వయసులో ఈ చేతివాటం ఏంటండీ? అడిగితే ఇవ్వమా?"

"తప్పే బాబూ." వంటింటి వైపు చూశాడు. "అమ్మగారు రోజూ వింటున్నారా?"

"ఆవిడ వింటే మీకెందుకు, వినకపోతే మీకెందుకు?"

"అదే... వింటున్నారుగా. చాలు."

గొడుగు ఊతంగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వానలు పోయి చలి వచ్చింది. పాటలు వస్తూనే ఉన్నాయి. ఓ పొద్దున అమ్మ స్టవ్ కట్టేసి కుర్చీలో కూలబడింది.

"మీ నాన్న దాచినవి అయిపోయినట్టున్నాయిరా. ఈమధ్య అన్నీ విన్నవే."

ఆ మాట కొడుకు మనసులో గుచ్చుకుంది. పెట్టె తెరిచి, పాటల్ని ఎక్కించిన తేదీల వరుసలో పెట్టాడు.

సగం నాన్న ఎక్కించినవి.

మిగతా సగం, నాన్న పోయాక ఎక్కినవి. ఆఖరిది అప్‌డేట్‌కి ముందు రోజుది. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

దొంగ ఒక్క పాటా పట్టుకుపోలేదు. తెచ్చి పెట్టి పోయాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురు మేడకి పరిగెత్తాడు. గదికి తాళం. కింద కొట్లో టైలరు తలెత్తాడు.

"గొడుగాయనా? వానల్లోనే ఖాళీ చేసి పోయాడుగా బాబూ. ఇక్కడ ఇంక నాకేం పనుంది అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. ఫోను చేస్తే కలవట్లేదు."

"ఆయన అసలెవరండీ? మా నాన్నకేమవుతాడు?"

టైలరు మిషను ఆపాడు.

"అయ్యో, తెలీదా? క్యాసెట్ల రోజుల్లో ఈ వీధి చివర పాటలు నింపిచ్చే కొట్టు ఆయనదే. మీ నాన్నకి అప్పుడే పెళ్ళయింది. పాపం, పాటకీ ఫ్యాక్టరీ సైరనుకీ తేడా తెలీని మనిషి! మీ అమ్మగారికేమో పాటంటే ప్రాణం. ఖాళీ క్యాసెట్ ఆయన చేతిలో పెట్టి, 'ఏం నింపుతావో నాకు తెలీదు గురూ, మా ఆవిడ నవ్వాలి, అంతే' అనేవాడు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఆసుపత్రికి వెళ్ళే ముందు ఈ మెట్ల మీద కూర్చుని, మీ పెట్టె పాస్‌వర్డ్ రాసిన చీటీ ఆయనకిచ్చి, మళ్ళీ అదే మాట చెప్పి వెళ్ళాడు."

ఎదురింట్లోంచి పాట వినబడుతోంది.

కాపురానికి వచ్చిన కొత్తల్నించీ నిన్నమొన్నటిదాకా, మీ నాన్న ఏరిన పాటరా అని అమ్మ మురిసిపోయిన ప్రతి పాటనీ ఏరింది గొడుగాయనే.