తలా ఒక లెక్క

"మీ మిషను అబద్ధాలాడుతోంది కవితా!"

ప్రొఫెసర్ విజయ్ కుమార్ అరిచిన అరుపుకి మార్కాపురం స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్ కవిత ఫోన్‌ని చెవికి జానెడు దూరం జరిపింది. అయినా స్పష్టంగానే వినపడింది.

"అదే ఓబులయ్య, అదే తల! ఒంగోలు, గుంటూరు, కర్నూలు, మూడు మిషన్లూ ఒకే అంకె చెప్పాయి. మీదొక్కటే వేరే రాగం తీసింది. ఊరి పేరులో మార్కు ఉంటే సరిపోయిందా? మీ మిషనుకి పాసు మార్కులు కూడా రాలేదు! రేపు మళ్లీ తీయండి, నేనే వస్తున్నా. అప్పుడూ తేడా వస్తే మీ సెంటర్ని పరిశోధనలోంచి కొట్టేస్తా."

సెంటర్ని కొట్టేస్తే కవిత ఉద్యోగం కొట్టుకుపోతుంది. ఆమెను పెట్టుకున్నదే ఈ పరిశోధన కోసం.

మెదడులో నీళ్లు ఎటు, ఎంత చురుగ్గా కదులుతున్నాయో కొలిచే ఎమ్మారై స్కాన్ అది. దాని పేరు డిఫ్యూజన్. ఒక్కో ఊళ్లో ఒక్కో రకం మిషను ఉండేసరికి అది కాస్తా కన్ఫ్యూజన్ అయి కూర్చుంది. ఆ చిక్కు తీరాలంటే ఒకే మనిషిని అన్ని మిషన్లలోనూ పడుకోబెట్టాలి, అన్నీ ఒకే మాట మీద నిలబడతాయో లేదో చూడాలి. ఆ మనిషిగా రాచర్ల దగ్గర గొర్రెలు మేపుకునే ఓబులయ్య పేరు రాసుకున్నారు. ఇప్పుడు మూడు మిషన్లకు ఆయన తల తలగానే ఉంది, మార్కాపురానికి మాత్రం తలనొప్పయింది.

మర్నాడు పొద్దున్నే కవిత నీళ్లు నింపిన ప్లాస్టిక్ బంతిని మిషనులో పెట్టి పరీక్షించింది. బంతి బంగారంలా వచ్చింది. అంటే మిషనులో లోపం లేదు. మరి లోపం లోపల పడుకున్న వాడిదా?

అంతలో ఆటో దిగి ఓబులయ్య లోపలికి వచ్చాడు. కవిత ఆయన్ని ఎగాదిగా చూసింది.

"పెదనాయనా, నిజం చెప్పు. నువ్వు ఓబులయ్యవేనా?"

"ఏంది పాపా అట్లడుగుతావు? నేను ఓబులయ్యను గాకుంటే మా ఆడమనిషి ఇన్నేండ్లూ ఎవురిని తిడతా ఉన్నట్టు?"

కవిత అయినా ఆధార్ కార్డు అడిగి తీసుకుంది. ఆధార్ ఫోటోలో మనిషిని పోల్చుకోవడం కన్నతల్లికే కష్టం గానీ, ముక్కు పక్కన శనగ్గింజంత పుట్టుమచ్చ ఉంది. ఫోటోలోనూ ఉంది, మనిషికీ ఉంది. అసలు సిసలు ఓబులయ్యే.

"పోయినసారి లోపల కదిలినావా?"

"నేనా? కట్టె మాదిరి పండుకున్నా. గిద్దలూరు పక్క మనుషులం పాపా, మా కాడ గిద్దెడు తేడా రాదు. కదిలిందంతా మీ మిషనే. ఆ టకటకలు, దబదబలు నా గొర్రెలు వినుంటే పుల్లలచెరువు అడివిలో తేలేటివి. అవునూ, ఈ ఎమ్మారై మా ఎమ్మార్వోకి ఏమవుతాది? ఆయన కాడా ఇట్లనే పడిగాపులు, ఈడా ఇట్లనే."

కవితకి నవ్వొచ్చింది. "ఏమీ కాదులే పెదనాయనా. నీ తలలో నీళ్లు ఎట్ల పారుతున్నాయో చూస్తుందంతే."

"నా తలలోనా! మా ఊర్లో ఆరొందల అడుగులు బోరేసినా సుక్క పడలా. అందరం బోరుమన్యాం. ఇన్నాళ్లూ నీళ్లు నా నెత్తినే ఉండాయా? ఉంటే సెప్పు, ఈ పొద్దే మోటారు బిగిస్తా!"

ఆయన్ని మిషనులోకి పంపి కవిత తెర ముందు కూర్చుంది. కాసేపటికి తెర మీద అంకె పడింది. పోయినసారి వచ్చిన అంకే! ఆడిన మాట తప్పని మిషను! కానీ ఆడిందే అబద్ధమంటున్నారే? సంబరం గొంతు దాకా వచ్చి కన్నీళ్లయింది.

గాజు కిటికీ అవతల లేచి కూర్చున్న ఓబులయ్య ఆ కన్నీళ్లు చూశాడు. "ఏడవమాక పాపా," అని అక్కణ్నుంచే కేకేశాడు. "తల నాది. ఏ సారొచ్చినా నేను సాచ్చికం చెప్తా."

అప్పుడే బయట కారు ఆగింది. ప్రొఫెసర్ నేరుగా వచ్చి తెర ముందు నిలబడ్డాడు. మొహం చిట్లించాడు.

"చూశావా, మళ్లీ అదే తేడా!"

"మా మిషను రెండుసార్లూ ఒకే మాట చెప్పింది సార్."

"ఒకే అబద్ధం రెండుసార్లు చెబితే నిజమవుతుందా? మూడు ఊళ్లకూ ఓబులయ్యని నా కారులో, నా పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను. మిషను దాకా చెయ్యి పట్టుకుని నడిపించాను. అక్కడ పొరపాటుకి చోటే లేదు. పాపం ఆ పెద్దమనిషికి ఇక్కడ అనవసరంగా శ్రమ. ఒక దండం పెట్టి పంపించేద్దాం, పిలువు."

ఇక తన కుర్చీకీ దండం పెట్టాల్సిందే అనుకుంటూ కవిత స్కాన్ గది తలుపు తీసింది. ఓబులయ్య తువ్వాలు దులుపుకుంటూ బయటికి వచ్చి, సాక్ష్యం చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు.

ప్రొఫెసర్ ఆయన భుజం మీదుగా ఖాళీ గదిలోకి తొంగి చూశాడు. "ఈయన కాదమ్మా, ఓబులయ్యని పిలువు."

"నేనే సార్ ఓబులయ్యను! మార్కాపురమంటే ఆటో దూరమే గదాని రెండుసార్లూ నేనే వచ్చినా. మందనిడిసి ఆ దూరపు ఊర్లకు నేనేడ పోతా? పనికి పిలిస్తే ఇంటికొక మనిషి పోతే సాలు గదా, ఆ మూడు ఊర్లకూ మీ కారెక్కింది మా బామ్మర్ది ఎర్రయ్య!"