దండెం మీద చీర, చెంప మీద నురగ

ఫోన్ మోగేసరికి హెప్సిబా పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తోంది.

“హెప్సిబా గారేనా? ఖమ్మం నుంచి మాట్లాడుతున్నాను. వలస యువత ఫోటో పోటీలో మీ ఫోటోకు మొదటి బహుమతి వచ్చిందండీ.”

ఒళ్లోని మిరపకాయలు జారి నేలంతా పరుచుకున్నాయి. హెప్సిబా గొంతు సన్నం చేసుకుంది.

“థాంక్స్ అంకుల్,” అంది.

గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్న ఆమె భర్త డేవిడ్‌కు పొలమారింది.

ఫోన్‌లో అంకుల్ మురిసిపోయాడు. మీ వయసు పిల్లలు ఇలా తమ మూలాలు వెతుక్కోవడం ఎంతో ముచ్చటగా ఉందన్నాడు. రేపు పదకొండింటికి ప్రదర్శన మొదలట. ఆమే స్వయంగా వచ్చి, ఫోటో పక్కన నిలబడి నాలుగు మాటలు చెప్పాలట.

“వస్తాను అంకుల్.”

పోటీ ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లకు. వేరేచోట పుట్టి ఇక్కడికొచ్చి బతుకుతున్నవాళ్లు ‘నేను ఎక్కడి మనిషిని?’ అన్న ప్రశ్నకు ఒక్క ఫోటోతో జవాబు చెప్పాలి. కెమెరా ఫోన్ చేతికొచ్చి నాలుగు నెలలే అయినా హెప్సిబా పోటీలోకి దూకింది. పెళ్లయి భద్రాచలం పక్కనున్న సారపాకకు వచ్చిన రోజు నుంచీ ఆ ప్రశ్న ఆమెను సతాయిస్తూనే ఉంది మరి. ఈ వీధిలో అందరూ ‘ఒడిశా పిల్ల’ అంటారు. పుట్టింటికి గుణుపురం వెళ్తే ‘తెలుగామె వచ్చింది’ అంటారు. హెప్సిబా అని పిలిచే ఊరే లేదు.

అందుకే పెళ్లికి అమ్మ పెట్టిన ఒడిశా నేత చీరను దండెం మీద ఆరేసింది. పక్కనే డేవిడ్ గళ్ల లుంగీ. రెండూ గాలికి కలిసి ఊగుతుంటే ఫోన్ ఎత్తింది. సరిగ్గా నొక్కే క్షణానికి ఆ రెండింటి మధ్య నుంచి డేవిడ్ తల బయటికొచ్చింది. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప నిండా నురగ.

“ఆ నురగ, చెరిగిపోతున్న గుర్తింపుకు ప్రతీక అంట,” హెప్సిబా చెప్పింది. “అంకుల్ రెండుసార్లు అన్నడు.”

“బ్లేడు యాడ పెట్టినవని అడగనీకి వచ్చిన్నే నేను.”

“గది ఎవ్వరికీ చెప్పకు.”

“మనం పోతే గదా చెప్పేది. పోవుడు లేదు. బహుమతి పోస్టుల పంపుమను.”

హెప్సిబా ముఖం చిన్నబోయింది. “ఎందుకు?”

“ఎందుకేంది? నిన్ను జూసి నలుగురు నవ్వుతరు.”

“నవ్వనీ. నాకు బహుమతి కాదయ్యా ముఖ్యం. యాడిదానివని అడిగినోళ్లే గాని, జవాబు ఆగి ఇన్నోళ్లు లేరు. రేపు మైకు ఇస్తరంట.”



గోడ అవతల నుంచి పక్కింటి యశోద తల పైకి లేచింది. అంతా విన్నట్టే ఉంది.

“ఏందే ఒడిశా పిల్లా, పంపిస్తలేడా? నువ్వు పోకుంటే నేను పోత. హెప్సిబాను నేనే అంట. మొగుణ్ని గూడ జూపెట్టాలంటే నీ మొగుణ్ని కిరాయికి తీస్కపోత.”

“కిరాయెందుకు, ఉత్తగనే తీస్కపో,” అంది హెప్సిబా.

డేవిడ్‌కు మళ్లీ పొలమారింది. తేరుకుని అడిగాడు.

“సరే, మైకు ఇచ్చిండ్రే అనుకో. ఏం చెప్తవ్?”

హెప్సిబా గోడ పట్టుకుని లేచింది. గరిటె తీసుకుని మూతి దగ్గర పెట్టుకుంది.

“అందరికీ నమస్కారం. చీర గుణుపురంది. లుంగీ భద్రాచలంది. రెండిటినీ మోసే దండెం నేను.”

 డేవిడ్ గ్లాసు కింద పెట్టాడు.

“మరి నురగ?” అన్నాడు మెల్లగా.

“దాన్ని కట్టుకున్న గదా. యాడికి పోయినా నాతోనే వస్తది.”

డేవిడ్ చాలాసేపు నవ్వాడు. తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“సరే, రేపు పొద్దుగాల ఏడు గంటల ఖమ్మం బస్సుకు పోదాం, నీ మోకాళ్ల పట్టీలు, నా చేతికర్ర నేను పట్టుకుంట, నువ్వు మాత్రం పుట్టిన సంవత్సరం 1954 బదులు 2004 అని పడ్డ నీ గుర్తింపు కార్డు మర్చిపోకు, ముసల్దానా.”