తల్లి గొంతు

యుద్ధం చివరి రోజుల మీద తీసిన డాక్యుడ్రామాకి బెంజ్ సర్కిల్ స్టూడియోలో తెలుగు డబ్బింగ్ జరుగుతోంది. నేలమాళిగలో చనిపోయిన కూతుర్ని పిలిచే తల్లి గొంతు అఫ్సానాకి ఇచ్చారు. పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్న నజీరాకి గుంపులో ఏడుపులు మిగిలాయి.

"ఏడవడంలో నిన్ను మించినోళ్లు లేరు ఆపా," అని అక్క వరసతో పిలిచి నవ్వి వెళ్లింది అఫ్సానా.

అందరూ వెళ్లాక నజీరా ఆ తల్లి సీను మళ్లీ పెట్టి, కసిగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. తెర మీద తల్లి నోరు తెరిచింది.

"బయటికి రామ్మా. యుద్ధం అయిపోయింది," అని ఆ నోటికి తగ్గట్టు పిలిచింది నజీరా.

"వస్తున్నా," అంది చెవిలో ఒక పిల్ల గొంతు.

స్క్రిప్టులో ఆ మాట లేదు. అయినా నజీరాకి ముందు గర్వమే కలిగింది. పొద్దున అఫ్సానా పన్నెండు టేకులు పిలిస్తే ఈ పిల్ల పలికిందా?

రికార్డింగ్ గది అద్దం మీద, ఆమె నడుమెత్తులో, ఊపిరి ఆవిరి పట్టింది.

"నువ్వు కాదు," అంది ఆ గొంతు. "పొద్దున పిలిచిన అమ్మ ఏదీ?"