అంగీల బొంత

జిప్పోరా కత్తెర మొనతో కుట్లు విప్పుతోంది.

అవి తాను వేసిన కుట్లు కావు. మధ్యాహ్నమంతా ఆ ముసలామె కూర్చుని వేసినవి.

"ఆమె కుడ్తది, నువ్వు విప్పుతవ్. గిదేం కారోబారే?" టీ తాగుతూ భర్త డెన్నిస్ నవ్వాడు.

"నవ్వుడు కాదు, గిటు జూడు. కప్ప దుంకినట్టు ఉన్నయ్ కుట్లు. గిట్లనే ఇస్తే ఆ పిల్ల మొఖం ఎట్ల జూస్త?"

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా గుడ్డముక్కలే. చర్చి గోడకు వేలాడదీయాల్సిన గుడ్డ బొమ్మ ఒక మూల, ఎవరో బాలింత అడిగిన పసిపిల్ల బొంత మరో మూల సగం సగం పడి ఉన్నాయి.

అన్నిటికన్నా తొందర అంగీల బొంతది.

విజయ అనే అమ్మాయి, చనిపోయిన భర్త చొక్కాలు సంచీలో పెట్టి తెచ్చింది. "యాడాది మాసికం నాటికి కావాలక్కా. మా బాబు కప్పుకోవాలె. జర సాఫ్‌గ కుట్టున్రి," అని చేతులు పట్టుకుంది.

జిప్పోరా సరేనంది. మాట ఇచ్చాక మణికట్టు నొప్పి పట్టుకుంది. సూది పడితే చాలు, వేళ్లు తిమ్మిరెక్కేవి.

సరిగ్గా అప్పుడే వచ్చింది ముసలామె. ఎండన పడి వచ్చి, గడపమీద చతికిలబడి మంచినీళ్లు అడిగింది. తాగి, చెంబు పక్కన పెట్టి లోపలికి తొంగి చూసింది.

"ఒక సూది ఇయ్యి బిడ్డా. నాకూ పొద్దు పోతది."

పోనీ, చేతిసాయమే కదా అని జిప్పోరా పసిపిల్ల బొంతను ముందుకు జరిపింది.

"గది కాదు. గీ అంగీలది ఇయ్యి."

"ఎక్కడుంటవవ్వా?"

"గీ పక్కకే." అబిడ్స్ వైపో, గౌలిగూడ వైపో తెలియకుండా చెయ్యి ఊపింది.

ఆ రోజు నుంచీ రావడం మానలేదు. బొంతను ఒళ్లోకి లాక్కుని, కళ్లు చికిలించి, వంగి వంగి కుట్టేది. పిలిస్తే గానీ పలికేది కాదు. పెద్దమనిషిని వద్దనడానికి జిప్పోరాకు నోరు రాలేదు. ఆమె గల్లీ మలుపు తిరగ్గానే విప్పడానికి కూర్చునేది. కుట్టడానికి సహకరించని వేళ్లకు విప్పడమూ నొప్పే.

గడువు దగ్గరపడింది. ఇక లాభం లేదనుకుంది.

"అవ్వా, రేపట్నుంచి రాకు. బొంత ఇచ్చేది ఉన్నది."

"అందుకే గదా బిడ్డా, నేను గూడ కుడ్తున్న."

"నువ్వు కుట్టినయి నేను విప్పుతున్న. గిరాకి సాఫ్‌గ కావాలన్నది. ఏమనుకోకు."

ముసలామె చేతిలో సూది ఆగింది.

"అన్నీ విప్పినవా?"

"ఔ."

"ఒక్కటన్న ఉంచలే?"

జిప్పోరా కత్తెరను గుడ్డముక్కల కిందికి తోసింది.

"మంచిదే బిడ్డా. నా కండ్లు మంచిగ లెవ్వు," అని ముసలామె గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

డెన్నిస్ సూదుల్లో దారం ఎక్కించి ఇస్తుంటే, పళ్ల బిగువున జిప్పోరా బొంత పూర్తి చేసింది. ఉతికి, తడి మీదే ఇస్త్రీ చేసింది. పాత కుట్ల తాలూకు సూది రంధ్రాలు కూడా మూసుకుపోయాయి.

సంవత్సరీకం ముందురోజు విజయ ఆటోలో వచ్చింది. బొంత మడత విప్పి చూసి కళ్లు తుడుచుకుంది.

"ఎంత సాఫ్‌గ కుట్టిన్రక్కా! మిషిన్ గూడ గిట్ల కుట్టది."

"అంగీలు కోసి బొంత చేపిచ్చినవని ఇంట్ల ఏమన్న అన్నరా?"

"పోయినోని బట్టలు ఇంట్ల ఉంచద్దని మా అత్తమ్మనే సుట్టాల ముంగట గట్టిగ అన్నదక్కా. ఆమెకు తెల్వకుంట దాచి మీకు తెచ్చిచ్చిన. ఇయ్యాల పొద్దుగాల ధైర్యం జేసి చెప్పిన. తిడ్తదనుకున్న. ఏమనలే. నేను గూడ వస్త అని ఆటోల కూసున్నది."

విజయ గుమ్మంలోంచి కేకేసింది. "అత్తమ్మా, దిగున్రి! మీ కొడుకు అంగీలు జూడున్రి!"

ఎదురు వెళ్దామని జిప్పోరా వాకిట్లోకి వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

ఆటోలోంచి మెల్లగా దిగిన ఆ ముసలామె, జిప్పోరాను ఎన్నడూ చూడనట్టే దాటి వచ్చి, కొడుకు చొక్కాల మీద తన కుట్టు ఒక్కటన్నా మిగిలిందేమోనని వేళ్లతో వెతుక్కుంది.