నలభై ఒకటో రోజు

నిచ్చెనల మీదున్న అరవై మందినీ బావమరిది ఒక్క పాచికతో చంపేశాడు. మరిగే నూనె నెత్తిన పడి సగం మంది పోయారు, తుపాకి గుళ్ళకు మిగతా సగం. ఆ ఎర్ర బిళ్ళలను వేళ్ళతో మీటి బల్ల కింద పడేస్తూ, "ఇంకెవరైనా ఉన్నారా బావా, పైకెక్కేవాళ్ళు?" అన్నాడు.

డిజైనర్ తల పట్టుకున్నాడు. పాతకాలపు యుద్ధాలను బల్లమీద ఆటలుగా మలచడం అతని ఉద్యోగం. ఈ కోట చేతిలో పదకొండోసారి ఓడాడు. ఓడినందుకు కాదు బాధ. మూడున్నర శతాబ్దాల కిందట ఇదే కోట, ముట్టడి మొదలైన నలభై ఒకటో రోజున, నిజంగానే పడిపోయింది. గోడకు బీట కూడా పడలేదు. లోపలినుంచి ఎవరో తలుపు తీశారు. ఇక్కడ మాత్రం ఎన్నిసార్లు ఆడినా మొండికేస్తోంది.

ఫోన్ మోగింది. కంపెనీ యజమాని.

"ఏమయ్యా, తేలిందా?"

"దొరికిన పుస్తకాలన్నీ తిరగేశానండీ. ఎవడో ద్రోహి అమ్ముడుపోయాడంటారు. ఎవడో, ఎందుకో ఒక్కడూ రాయలేదు. ద్రోహి కార్డొకటి పెట్టేస్తే..."

"పెట్టు. కొన్నవాడు డబ్బా తెచ్చి నా మొహాన కొడతాడు. తలుపు ఎందుకు తీశారో తేల్చు. ఐదింటికి అచ్చుకి పోవాలి. తేలకపోతే ఈ ఆటా లేదు, నీ ఉద్యోగమూ లేదు."

గడియారం మూడున్నర చూపిస్తోంది. డిజైనర్ బిళ్ళలన్నీ మళ్ళీ పేర్చాడు.

"ఈసారి ఊరి జనాన్ని కూడా ఆడిద్దాం. ఇన్నాళ్ళూ లెక్కలోకే తీసుకోలేదు. అత్తయ్యా, ఒకసారి ఇలా రండి."

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ పక్కగదిలోంచి వచ్చింది. పేకాటలో కన్నకొడుకునైనా వదిలే మనిషి కాదు. కుర్చీ లాక్కుని, "ఎవర్ని చంపాలి నేను?" అంది.

"ఎవర్నీ వద్దు. ఈ తెల్ల బిళ్ళలు మీవి. కోటలోని ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. నూట అరవై మంది."

"తిండిదండగ జనం అమ్మా. నీకు సరిపోతుంది," అన్నాడు కొడుకు.

"నీ మొహం. ముందు పాచిక వెయ్యి," అందామె.

ఆట జోరందుకుంది. పన్నెండో రోజున ఫిరంగి గుండొకటి బురుజు మీది కాపలావాళ్ళను ముద్ద చేసింది. దానికి జవాబుగా బావమరిది తనకు చేజిక్కిన బందీల తలలు నరికించి గోడమీద వరసగా పెట్టించాడు. డిజైనర్ సొరంగం తవ్వించి మందు పేల్చాడు. అది ఎదురుతన్ని సొంత మనుషులనే నలభై మందిని పూడ్చేసింది. ఇద్దరికీ ఒళ్ళు తెలియడం లేదు. ముప్పయ్యో రోజుకు కోటలో గింజలు అడుగంటాయి. బావమరిది రూల్సు పుస్తకం ఒకసారి చూసి, అరచేత్తో తెల్ల బిళ్ళలన్నిటినీ తలుపు బయటకు తోసేశాడు.

"ఇదేంట్రా?"

"సైనికులకి తిండి మిగలాలి కదమ్మా. అప్పట్లో అందరూ చేసిన పనే."

ఆమె అల్లుడివైపు తిరిగింది. "పోనీ నువ్వు దారివ్వు బాబూ. పోతారు ఎక్కడికో."

"ఎలా ఇస్తాను అత్తయ్యా? వీళ్ళు వెనక్కి పోతేనే లోపల తిండి తరుగుతుంది." పాచిక వేశాడు. ముందు వరసలో పద్దెనిమిది మంది కూలిపోయారు. మిగిలినవాళ్ళు తలుపు దగ్గరకు పరుగెత్తారు. తలుపు తీయలేదు. ఎండిన కందకంలోనే ఉండిపోయారు, వెనక గోడ, ముందు తుపాకులు.

ఆ తర్వాత రోజుకొక పాచిక. తొమ్మిది మంది. ఏడుగురు. పదకొండు మంది. చచ్చిన బిళ్ళలను ఆమే తీయాలి.

"తలుపు దగ్గర కాపలా ఎవరు?" అని అడిగింది కాసేపటికి.

"నావాళ్ళే, ఎనిమిది మంది," అన్నాడు కొడుకు.

"ఏ ఊరివాళ్ళు?"

"ఈ ఊరివాళ్ళే."

"వీళ్ళ పెళ్ళాం బిడ్డలో?"

కొడుకు గడ్డంతో కందకం వైపు చూపించాడు.

"ఏడుపులు వినబడతాయా లోపలికి?"

"వినబడతాయి," అన్నాడు డిజైనర్ మెల్లగా.

నలభై ఒకటో రోజున ఆమె చెయ్యి చాచి, కాపలా బిళ్ళ ఒకదానితో తలుపు అడ్డుకర్రను పక్కకు జరిపింది.

"అది నా బిళ్ళ!" అరిచాడు కొడుకు.

"పెళ్ళాం బిడ్డలు నావాళ్ళయినప్పుడు మొగుళ్ళు మాత్రం నావాళ్ళు కారా?"

డిజైనర్ ఇక ఆగలేదు. రెండు చేతులతో ఎర్ర బిళ్ళలను కోటలోకి దించాడు. గుమ్మంలో ఉన్న తెల్ల బిళ్ళలను తొక్కుకుంటూ వెళ్ళాయి. వీధుల్లో కత్తికొక కంఠం. బావిలో దాక్కున్నవాళ్ళమీద రాళ్ళు దొర్లించారు. సేనాపతిని మంచం కిందనుంచి కాళ్ళు పట్టి ఈడ్చి పొడిచారు. మూడు నిమిషాల్లో కోట లోపల ఎర్రవి తప్ప మరో రంగు లేదు.

"పడింది!" డిజైనర్ ఎగిరి గంతేసి ఫోన్ అందుకున్నాడు. "దొరికిందండీ! పగ! ఇంటివాళ్ళను సేనాపతి చంపించాడన్న పగతో, కాపలావాళ్ళే శత్రువుకి తలుపు తీశారు!"

బావమరిది ముఖం మాడ్చుకున్నాడు. "అల్లుడి ఉద్యోగం కోసం కన్నకొడుకు గొంతు కోశావు కదమ్మా. శత్రువుకి తలుపు తీస్తావా?"

ఆమె ఇంకా గుమ్మంలోని తెల్ల బిళ్ళలనే ఏరుతోంది.

"శత్రువుకేంట్రా? పిల్లల్ని లోపలికి తెచ్చుకుందామని తీశాను."