చుక్కల్లేని వాకిలి

అద్దంలో సున్నా కనబడగానే వైదేహి నోట్లో బ్రష్షుతోనే వంటింట్లోకి పరుగెత్తింది.

"అత్తయ్యా, ఒక్కటి కూడా లేదు."

కాపురానికి వచ్చిన మర్నాడే, ఎదుట నిలబడితే ఒంట్లో రోగాల లెక్క చెప్పే ఈ ఇంటి అద్దం ఆమె గర్భాశయ ముఖద్వారంలో పాపిలోమా వైరస్ చేరిన చోట్లు నలభై ఒకటని చూపించింది. వైదేహి అమ్మమ్మ ప్రాణం తీసింది అదే వైరస్ తెచ్చిన క్యాన్సర్. ఏడాదిలోగా ఒళ్లే దాన్ని తరిమేయకపోతే వైద్యం తప్పదంది డాక్టరు. అప్పట్నుంచీ అత్తగారు కామాక్షమ్మ రోజూ అద్దం లెక్క చూశాకే, అన్ని చుక్కలతోనే వాకిట్లో ముగ్గు వేసేది. నెలల తరబడి ఒక్క చుక్కా తగ్గలేదు. పైపొరలో నక్కిన దొంగను, రోగాలతో పోరాడే ఒంట్లోని కాపలా కణాలు ఆనవాలు పట్టలేదు. పట్టాక మాత్రం వారానికి నాలుగైదు చుక్కలు రాలిపోయాయి. తను చారుకు పోపు పెడుతున్నప్పుడు, మొగుడితో కీచులాడుతున్నప్పుడు కూడా లోపల ఇంత పని జరిగిందా అని వైదేహి పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

అంతలో ఎదురింటి సూరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"వాకిట్లో ముగ్గు లేదేంటి కామాక్షీ? ఎవరికేమైందమ్మా?"

"ఎవరికీ ఏం కాలేదొదినా. చుక్కలు అయిపోయాయి," అంది కామాక్షమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"పిండి అయిపోతే మా ఇంట్లో అడగొచ్చుగా, ఏడుస్తావెందుకు?"

వైదేహికి నవ్వాగలేదు. వంటింటి గుమ్మంలోంచి కనబడే అద్దం మళ్లీ వెలిగింది. ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకుని అక్కడే కాపలా ఉండిపోయిన కణాలు మూడు వేల రెండు వందలట.

కామాక్షమ్మ ఆ అంకెను రెండుసార్లు చదివింది.

"రేపు తెల్లారకముందే లేవాలమ్మాయ్. వీటికి చుక్కలు పెట్టాలంటే వీధంతా కావాలి. వదినా, నీ పిండి కూడా పట్టుకురా."