ఎనిమిదో బంకర్

"దొరికితే ఈ పూటే పనిలోంచి పీకేస్తాను. వాడెవడైనా సరే," అన్నాడు మేస్త్రీ.

గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసేవాళ్లూ నీళ్లు పెట్టేవాళ్లూ అందరూ తలలు దించుకున్నారు. తప్పు చేయకపోయినా, ఆయన అరిస్తే తల దించుకోవడం వాళ్లకు అలవాటు. పైగా ఊళ్లో ఇంకో గోల్ఫ్ మైదానం లేదు. ఇక్కడ పని పోతే పోయినట్టే.

పొద్దు పొడవకముందే ఎవడో మేస్త్రీ క్వార్టర్ వెనక కిటికీ దగ్గరకొచ్చి ఆయన కూతురితో మాట్లాడి వెళ్లాడట. నవ్వులు విని ఈయన లేచి తలుపు తీసేసరికి మనిషి మాయం.

"కల గన్నావేమో నాన్నా," అంది కూతురు గుమ్మంలో నిలబడి.

"కలలో మగగొంతు దగ్గుతుందా? నువ్వు లోపలికి పో."

ఆ కిటికీకి రెండు పక్కలా ముళ్లకంచె. ఎదురుగా ఎనిమిదో బంకర్, అంటే బంతి పడి ఇరుక్కోవాలని తవ్విన ఇసుక గుంట. కిటికీ దగ్గరకు రావాలంటే ఆ ఇసుకలో నడవాల్సిందే.

"ఒరే దువ్వెనా, ఇలా రా," అని పిలిచాడు మేస్త్రీ. పళ్లకర్రతో ఇసుక దువ్వుకుంటూ, వెనక్కి నడుస్తూ తన అడుగు కూడా మిగల్చకుండా బయటికొచ్చే పనివాడికి అందరూ పెట్టిన పేరది. "నీ ఇసుక సంగతి నీకే తెలుస్తుంది. వాడు తొడిగింది చెప్పో బూటో చూసి చెప్పు."

దువ్వెన గుంట చుట్టూ తిరిగి, వంగి వంగి చూశాడు. మొహం తేటపడింది.

"ఒక్క అడుగు కూడా లేదు మేస్త్రీ గారూ. కాకి కూడా వాలలేదు. గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. పాపం, ఆ అమ్మాయిని ఊరికే అనుమానిస్తున్నారు."

మేస్త్రీ చల్లబడినట్టే కనిపించాడు. అందర్నీ పనుల్లోకి పంపేసి, దువ్వెన భుజం మీద చెయ్యి వేసి ఏడో బంకర్ దగ్గరకు నడిపించాడు. అక్కణ్ణుంచి ఆరోదాని దగ్గరకు. తర్వాత ఐదోదాని దగ్గరకు.

"రాత్రంతా కొట్టిన వాన తెల్లారగట్ల ఆగింది. ఎక్కడ చూసినా ఇసుక జల్లెడలా ఉంది," అన్నాడు చివరికి. "ఎనిమిదోదాంట్లో మాత్రం గీతలు చెక్కుచెదరలేదు. వచ్చినవాడు పోతూ పోతూ ఇసుక దువ్వి మరీ పోయాడు. ఆ అలవాటు ఇక్కడ ఒక్కడికే ఉంది."

దువ్వెన తల దించుకున్నాడు. "నా పని పోయినట్టేనాండీ?"

"పని లేని అల్లుణ్ణి నేనేం చేసుకోను? ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని ముందు తలుపులోంచి రా."